ముప్ఫై గజాలు

టైలరమ్మా ప్లానుగారూ ఒకే తల్లి పిల్లలు. ఒకే కంచంలో తిన్నారు, ఒకే దుప్పటి కోసం జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. పెద్దయ్యాక మాత్రం ఇద్దరి గజాలూ వేరైపోయాయి.

చెల్లెలు బట్టలు కుట్టే మనిషి. ఆవిడకు గజమంటే పొడుగు. గుడ్డ అంచు ముక్కు దగ్గర పట్టుకుని చెయ్యి బారుగా చాపితే వేళ్ళ చివరిదాకా వచ్చేది గజం, మూడడుగులు. మీటరు కంటే మూడంగుళాల చిల్లర తక్కువ. దుకాణాల్లో మీటర్లు వచ్చి ఎన్నేళ్ళయినా ముసలివాళ్ళు ఇంకా గజాల్లోనే అడుగుతారు, టైలరమ్మ నోటితోనే మార్చి చెప్పేస్తుంది. అన్న ఇళ్ళకు ప్లానులు గీసే మనిషి. వీధంతా ఆయన్ని ప్లానుగారనే పిలుస్తారు, కన్నతల్లి కూడా ఒక్కోసారి పొరపాటున అలాగే అంటుంది. ఆయనకు గజమంటే నేల. మూడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, మొత్తం తొమ్మిది చదరపు అడుగులు. ఎకరానికి నాలుగు వేల ఎనిమిది వందల నలభై అని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నిజానికి చదరపు గజం అనాలి. కానీ స్థలాలు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ గీసేవాళ్ళూ కలిసి ఆ ముందుమాటను ఎప్పుడో మింగేశారు. నూట యాభై గజాల ఇల్లు అంటారు, రెండొందల గజాల బిట్టు అంటారు, వినేవాళ్ళకు అర్థమైపోతుంది.

ఈ సంగతి టైలరమ్మకు తెలీదా అంటే, భేషుగ్గా తెలుసు. ఆవిడేమీ అమాయకురాలు కాదు. మరి ఎక్కడ బోల్తా పడింది? అది తెలియాలంటే ముందు వాళ్ళింటి సంగతి తెలియాలి.

వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. జీవితంలో ఆయన కొన్న పెద్ద వస్తువు ఆ స్థలం ఒక్కటే. పన్నెండు గజాల వెడల్పు. వీధి గేటు నుంచి వెనక సందు గోడ దాకా పొడుగు ముప్ఫై గజాలు. ఇల్లు ఒక పక్కకు జరిపి కట్టి, రెండో పక్కన నాలుగు గజాల వెడల్పున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా వదిలేశాడు. కొన్న రోజున ఆ పక్కనే తాడు పెట్టి కొలిచాడట. సరిగ్గా ముప్ఫై గజాలు వచ్చేసరికి మనిషి పొంగిపోయి వారం రోజులు కనబడిన వాళ్ళందరికీ అదే చెప్పాడట. దాంతో ఆ ఖాళీ జాగాకు ఆ పేరే స్థిరపడిపోయింది. బంతి ఎక్కడ పోయిందిరా అంటే ముప్ఫై గజాల్లో. బట్టలు ఎక్కడ ఆరేశావే అంటే ముప్ఫై గజాల్లో. అన్నాచెల్లెళ్ళు అల్లరి చేస్తే నాన్న వేసే శిక్ష కూడా ఆ ముప్ఫై గజాలకు చెరో చివర నిలబడటమే. బయటివాళ్ళు వింటే అదేదో లెక్క అనుకుంటారు. ఆ ఇంట్లో వాళ్ళకు అది వంటగది, వసారా లాంటి మాట.

నాన్న పోయాక ఇంట్లో అమ్మా, ప్లానుగారూ, వదినా మిగిలారు. టైలరమ్మ రెండు వీధుల అవతల మొగుడితో అద్దెకుంటోంది. మొగుడు స్కూలు వ్యాను తోలుతాడు. ఇంటికి దగ్గర్లోనే ఓ పాత మేడ కింద ఆవిడ షాపు. స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, అన్నిటికంటే ఎక్కువగా కర్టెన్లు. కర్టెన్ల పని చేసేవాళ్ళకు చోటు కావాలి. గుడ్డ బారుగా పరచకుండా కత్తిరిస్తే ఒక రెక్క పైకీ ఒక రెక్క కిందకీ పోతుంది, తగిలించాక కిటికీ నవ్వుతుంది. ఆ షాపులో బల్ల పొడుగు చాలక సగం గుడ్డ నేలమీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ కత్తిరించేది. అయినా వీధి మీది షాపు, వచ్చేపోయేవాళ్ళ కంట్లో పడే చోటు. అలా పన్నెండేళ్ళు నడిచింది. ఇప్పుడు ఆ మేడ పడగొడతామన్నారు.

ఆ కబురు అమ్మ ద్వారా ప్లానుగారి దాకా వెళ్ళింది. ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. అందరూ తిని లేచాక, చెయ్యి తుడుచుకుంటూ, ఏదో మామూలు విషయం చెప్తున్నట్టు చెప్పాడు.

"షాపు ఖాళీ చెయ్యమన్నారంటగా. దిగులుపడకమ్మా. ముప్ఫై గజాలు నీకిచ్చేస్తాను. షెడ్డు వేసుకుంటావో గది కట్టుకుంటావో నీ ఇష్టం. మిగతాది నా పేరున ఉంచేద్దాం. అమ్మ ఎలాగూ నా దగ్గరే ఉంటుంది కదా."

మూడు గజాల చోటిచ్చినా వద్దనకుండా పుచ్చుకునే పరిస్థితిలో ఉంది టైలరమ్మ. అలాంటిది ఆ పక్క మొత్తం! అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. వదిన లోపలికి వెళ్ళిపోయింది, అమ్మ పళ్ళాలు తీస్తూ ఉండిపోయింది. ఏ గజాలన్నయ్యా అని అప్పుడే అడగాల్సింది అని ఇది విన్నవాళ్ళు అనొచ్చు. పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టిన అన్నను అలాంటి ప్రశ్న అడిగే చెల్లెలు ఉంటే నాకూ చూడాలనుంది.

ఇంటికొచ్చి చెప్తే మొగుడు నమ్మలేదు.

"మీ అన్నయ్యా? పెన్సిలు ముక్క అరిగిపోతుందని గీత సన్నగా గీసే మనిషి. సరిగ్గా విన్నావా?"

"నా చెవులతో విన్నాను. అమ్మ కూడా ఉంది అక్కడ."

"కాగితం మీద పెట్టేటప్పుడు నేనూ వస్తాను."

"ఎందుకు, కాపలా కాయడానికా? మా అన్నయ్యకు తెలిస్తే ఏమనుకుంటాడు?" అని ఆవిడ అంతెత్తున లేచింది. ఆ తర్వాత వ్యానాయన ఆ మాట ఎత్తలేదు. పెళ్ళాం పుట్టింటి విషయంలో మాట్లాడి బాగుపడిన మొగుణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు.

రిజిస్ట్రేషను ఆఫీసులో జనం కిటకిటలాడుతున్నారు. కూర్చోడానికి బల్ల కూడా లేదు. ప్లానుగారు నిలబడే కాగితాలు తిరగేస్తూ చెల్లెలికి చదివి వినిపించాడు. పొడుగాటి వాక్యాలు, ఒకటి ముగిసేలోపల మొదలు మర్చిపోయేలాంటివి. మధ్యలో "ముప్ఫై గజాలు" అన్నది మాత్రం ఆవిడకు స్పష్టంగా వినబడింది. లోపల్నించి ఎవరో త్వరగా కానివ్వండని కేకేశారు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టింది. అమ్మకూ అన్నకూ పోగా ఆస్తిలో తనకొచ్చే మూడో వంతు మీద హక్కు అక్కడితో పోయింది. అది ఆవిడకు తెలిసే చేసింది, ఎందుకంటే ఆవిడ లెక్కలో ఆ పక్క జాగా కూడా మొత్తంలో సరిగ్గా మూడో వంతే.

ఆ నెల రోజులూ టైలరమ్మను చూసి వీధి ముచ్చటపడింది. కనబడ్డ వాళ్ళకల్లా చెప్పింది. మా అన్నయ్య ఆ పక్కదంతా నాకే ఇచ్చేశాడండీ. అడక్కుండానే ఇచ్చాడండీ. స్కూలు మలుపులో ఒక గది అద్దెకు ఖాళీ అయితే యజమాని మొదట ఆవిడకే కబురు చేశాడు. ఆవిడ ఠీవిగా అక్కర్లేదండీ అని చెప్పి పంపింది. మర్నాడే దాన్ని ఓ మంగలి తీసుకున్నాడు. రోజూ పని అయ్యాక బట్ట మీద గీసే సుద్దతో బల్లమీద గీతలు గీసుకునేది. వీధి వైపు అద్దాల తలుపు. దాని వెనక కుట్టు మిషన్లు. ఆ వెనక కర్టెన్ల బల్ల, పొడుగ్గా, కావలసినంత పొడుగ్గా. ఇక మోకాళ్ళ మీద పాకే పని లేదు. పొద్దున్న వచ్చి ఆ గీతలు తుడిచి పని మొదలుపెట్టేది.

కొలత పెట్టే రోజు పొద్దున్నే తలంటుకుని మరీ వెళ్ళింది. మేస్త్రీ అప్పటికే వచ్చి ఉన్నాడు. చేతిలో టేపు, పక్కన మేకులు, ఓ తాడు చుట్ట, బకెట్లో సున్నం. టైలరమ్మ వీధి గేటు దగ్గర నిలబడింది. మేస్త్రీ మాత్రం సామాను తీసుకుని నేరుగా వెనక సందు గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఇటునుంచి మొదలెట్టు మేస్త్రీ! తలుపు ఇటే కదా వచ్చేది!" అని కేకేసింది.

"ప్లానుగారు అటునుంచే పెట్టమన్నారమ్మా!"

ఎటునుంచి పెడితేనేం, కొలత కొలతేగా అనుకుని ఆవిడ కూడా వెనక్కి నడిచింది. మేస్త్రీ గోడ నుంచి టేపు లాగి, ఇరవై రెండున్నర అడుగుల దగ్గర ఆగి, మేకు కొట్టాడు. అడ్డంగా రెండో మేకు కొట్టి తాడు కట్టాడు. తాడు వెంట సున్నం పోశాడు. లోపల అడ్డగోడ ఏదో పెడుతున్నాడు కాబోలనుకుంది టైలరమ్మ. సున్నం బకెట్టు పక్కన పెట్టి మేస్త్రీ చేతులు దులుపుకున్నాడు.

"మిగతాది?"

"అంతేనమ్మా."

"అంతేనేంటి? ముప్ఫై గజాలయ్యా బాబూ నాది!"

"ముప్ఫై గజాలేనమ్మా పెట్టింది."

ఆవిడకు నవ్వొచ్చింది. "గజానికి మూడడుగులు. ముప్ఫై గజాలంటే తొంభై అడుగులు. అదిగో, ఆ గేటు దాకా. నువ్వు పెట్టింది ఏడున్నర గజాలు. చిన్నపిల్లలకు కూడా వస్తుంది ఈ లెక్క!"

మేస్త్రీ నవ్వలేదు. ఆవిడ ముఖంలోకి చూసి, గేటు వంక చూసి, మళ్ళీ ఆవిడ వంక చూశాడు. ఎన్నో పంపకాలు చూసిన మనిషి, వెంటనే గ్రహించాడు. "మీరు పొడుగు గజాలు అంటున్నారమ్మా. ఇవి చదరపు గజాలు" అన్నాడు, గొంతు తగ్గించి. "నేను కూడా అన్నాను సార్‌తో, ఇరవై రెండున్నర ఏంటి, ఇరవై నాలుగు చేస్తే గది చక్కగా వస్తుంది కదా అని. ఒప్పుకోలేదు. ముప్ఫై అంటే ముప్ఫయ్యే ఉండాలన్నారు."

అప్పటికే ప్లానుగారు వసారాలోకి వచ్చాడు. చొక్కా జేబులో పెన్సిలు, చేతిలో లెక్కలు చేసే చిన్న మిషను. చెల్లెలు అడిగింది విని ఆయన ఏమాత్రం తొణకలేదు. పక్కన నిలబెట్టుకుని, ఓపిగ్గా, చదువు రాని వాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా. వెడల్పు పన్నెండు అడుగులు. పొడుగు ఇరవై రెండున్నర. పన్నెండును ఇరవై రెండున్నరతో గుణిస్తే రెండొందల డెబ్భై. గజానికి తొమ్మిది. తొమ్మిదితో భాగిస్తే? ఇదిగో, ముప్ఫై. ఒక్క అంగుళం తగ్గితే నన్నడుగు."

"అన్నయ్యా, మనింట్లో ముప్ఫై గజాలంటే ఏది?"

"అది ఇంటి మాట. ఇది కాగితం మాట."

"నాకు నువ్వు చెప్పింది ఇంట్లోనే కదా! కాగితం మీద కాదు కదా! భోజనం చేసి, చెయ్యి తుడుచుకుంటూ చెప్పావు!"

"నేల గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా చదరపు గజాలే అంటారు. రోజుకు పదిమంది వస్తారు నా దగ్గరికి, ఒక్కరూ నీలా అనుకోలేదు. నువ్వు గుడ్డ కొలిచినట్టు కొలుచుకుంటే దానికి నేనేం చెయ్యను?"

వదిన వంటింటి గుమ్మంలోంచి నవ్వింది. "తానులో చింపి ఇస్తారనుకుంది కాబోలు" అంది. మేస్త్రీ ఇదంతా వినబడనట్టు మేకులు ఏరుకుంటున్నాడు.

టైలరమ్మ ఆ సున్నం గీత లోపల నిలబడి ఉంది. మూడు పక్కలా గోడలు, నాలుగో పక్కన తాడు. వెనక సందులోకి ఒక్క తలుపు పెట్టుకోవచ్చు. ఆ సందులో నుంచి చెత్తబండి తప్ప ఏదీ వెళ్ళదు. మురిక్కాలవ వాసనకు అటువైపు కిటికీలు కూడా ఎవరూ తెరవరు. కర్టెన్లు కుట్టించుకునేవాళ్ళు ముక్కు మూసుకుని ఆ సందులోకి వస్తారా?

"పోనీ ఆ ముప్ఫై గజాలే వీధి వైపు ఇవ్వు" అంది.

"వీధి వైపు నా ఆఫీసు కడుతున్నాను. ప్లాను అయిపోయింది."

అప్పుడావిడ చివరికి అమ్మను పిలిచింది. అమ్మ వసారా మూల పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. పొద్దున్నించీ అక్కడే ఉంది, తల ఎత్తలేదు. నాన్న ఉన్న రోజుల్లో చుట్టుపక్కల పిల్లలకు గౌన్లు కుట్టింది ఆవిడే. గుడ్డ ముక్కు దగ్గర పట్టుకుని గజం కొలవడం కూతురికి నేర్పిందీ ఆవిడే. కూతురి నోట్లో గజం అనే మాటకు అర్థం ఏంటో ప్రపంచం మొత్తంలో ఎవరికైనా తెలుసంటే ఆవిడకే తెలియాలి.

"అమ్మా, నువ్వు అక్కడే ఉన్నావు. నువ్వు చెప్పు. ఆ రోజు అన్నయ్య అన్నది ఏ ముప్ఫై గజాలు?"

అమ్మ ఒక రెబ్బ ఒలిచింది. పొట్టు ఊదేసింది. "లెక్కలు వాడికి తెలిసినట్టు మనకేం తెలుస్తాయే. వాడు ఏది చెప్తే అదే అయ్యుంటుంది" అంది.

"విన్నావుగా" అన్నాడు ప్లానుగారు.

టైలరమ్మ తాడు దాటి వీధి గేటు దాకా నడిచి వెళ్ళిపోయింది. ఆ నడిచిన మేరంతా తన జాగా అని నెల రోజులు నమ్మింది. ఇంటికెళ్ళాక మొగుడు ఏమీ అనలేదు. నేను ముందే చెప్పానని ఒక్క మాట అంటే పోట్లాడేది, పోట్లాడితే కాస్త తేలికయ్యేది. ఆ పుణ్యాత్ముడు అది కూడా అనకుండా కూర్చున్నాడు.

కోపం వచ్చింది. అన్నను తల్చుకుంటే ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ కోపం భరించరానిదేమీ కాదు. మోసం చేసినవాడు ఒకడున్నాడు, మోసపోయింది తను, అంతే. చిన్నప్పుడు దుప్పటి లాక్కుపోయేవాడు, ఇప్పుడు నేల లాక్కున్నాడు. అమ్మ మాటే గొంతులో ముల్లులా దిగింది. అయినా దానికీ ఏదో సర్దిచెప్పుకుంది. పాపం, వాళ్ళ పంచన ఉంది. కొడుకు ఎదురుగా, కోడలు గుమ్మంలో నిలబడి ఉండగా, ఇంకేం చెప్పగలదు అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మే షాపుకొచ్చింది. చేతిలో చిరిగిన దిండు గలీబు. కుట్టించుకోవడానికి వచ్చినట్టు కొనుగోలుదార్ల స్టూలు మీద కూర్చుంది. టైలరమ్మ తలెత్తి చూసి, మళ్ళీ యూనిఫారం కుట్టులో పడిపోయింది. మిషను ఆపలేదు. ఆ చప్పుడులోనే అమ్మ మొదలుపెట్టింది.

"నిన్న అబద్ధం చెప్పాను."

"తెలుసు. పోనీలే."

"పోనిచ్చేది కాదే. నీకు చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు." అమ్మ గలీబును ఒళ్ళో మడతపెట్టింది, విప్పింది. "ఆ మాట వాడిది కాదు. నాది."

మిషను ఆగింది.

"ఏ మాట?"

"ముప్ఫై గజాలని. వాడు నిన్ను అడగలేక వారం రోజులు గుంజాటన పడ్డాడు. చెల్లెల్ని వాటా వదులుకోమని ఏ మొహం పెట్టుకుని అడగనమ్మా, వెనక ఓ గది జాగా ఇస్తానంటే ఏమనుకుంటుందో అన్నాడు. ఎంతిద్దామనుకుంటున్నావురా అన్నాను. ఇరవయ్యో ముప్ఫయ్యో గజాలు అన్నాడు. అయితే ముప్ఫయ్యే చెయ్యి, ముప్ఫై గజాలిస్తానని మాత్రం చెప్పు, అది ఇంకో ప్రశ్న అడగదు అన్నాను. నువ్వెలా అనుకుంటావో వాడికంటే నాకు బాగా తెలుసు కదే."

టైలరమ్మ సూది కింది గుడ్డను బయటికి లాగేసింది. ఇరవై రెండున్నర అడుగులు ఎందుకో ఇప్పుడు తెలిసింది. ముందు ముప్ఫై గజాలన్న మాట పుట్టింది. గది తర్వాత పుట్టింది.

"నన్ను అడిగి ఉంటే ఇచ్చేసేదాన్ని కదమ్మా." అంది టైలరమ్మ. "వీధి వైపు ఓ చిన్న గది ఇవ్వండి, మిగతాదంతా ఉంచుకోండి అనేదాన్ని. లేకపోతే అదీ వద్దనేదాన్ని. స్కూలు దగ్గర గది దొరికేది నాకు. ఒక్క మాట అడిగి ఉంటే ఇచ్చేదాన్ని."

"ఇస్తావని నాకు తెలీదా?"

"తెలిసి మరీ ఎందుకమ్మా?"

అమ్మ తలెత్తి కూతురి వంక సూటిగా చూసింది. ఆ రెండు రోజుల్లో అలా చూడటం అదే మొదలు. ఆవిడ ముఖంలో తప్పు చేసిన బెదురు లేదు. అర్థంకాని పిల్లకు అర్థమయ్యేలా చెప్పాలన్న తాపత్రయం ఉంది.

"నువ్విచ్చావంటే, వాడు జన్మంతా నీ ముందు తలొంచుకుని తిరగాలే. పెళ్ళాం ముందు, నలుగురి ముందు, చెల్లెలి దయ మీద బతికినవాడు అవుతాడు. మగవాడు, ఎలా భరిస్తాడు? అదే వాడిచ్చాడంటే నీకేం పోయింది? ఆడపిల్లవి, పుట్టింటి నుంచి పుచ్చుకున్నావంటే వినడానికి కూడా బాగుంటుంది."

"మరి నేనేమైపోవాలమ్మా?"

"నువ్వు సర్దుకుంటావు. నీకేం, చేతిలో పనుంది. ఎక్కడ కూర్చోబెట్టినా బతుకుతావు." అమ్మ స్టూలు మీంచి లేచింది. గలీబు బల్లమీద పెట్టింది. "ఎప్పటికిస్తావు?"

అలవాటైన మాటే వచ్చింది నోటికి. "రేపు రామ్మా" అంది టైలరమ్మ.

అమ్మ వెళ్ళిపోయాక ఆవిడ ఏడుస్తుందేమో అనుకుంటాం మనం. ఏడవలేదు. అన్నను తిట్టుకున్నంత సులువుగా అమ్మను తిట్టుకోవడం రాలేదు. నేల పోతే పోయింది, సంతకం పెట్టిన చెయ్యి తనదే. కానీ ఇవ్వడం అనే పని తనకు చేతనవునని తెలిసిన ఒక్క మనిషీ, అది అన్నకు తలవంపులని దాన్ని దాచిపెట్టేసింది. తన మంచితనాన్ని అంత బాగా ఎరిగినావిడ, దాన్ని చూసే భయపడింది. దీన్ని ఏ లెక్కలోకి మార్చుకోవాలో టైలరమ్మకు బోధపడలేదు.

వారం తర్వాత, పాత షాపులో సామాను కట్టేస్తుంటే టీచరమ్మ కర్టెన్ల పని మీద వచ్చింది. స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి, ఏళ్ళ తరబడి కర్టెన్లు ఇక్కడే కుట్టిస్తోంది. మంచి మనిషే, కాకపోతే ఊళ్ళో విషయాలన్నీ ఆవిడకు కావాలి.

"కొత్త షాపు ఎప్పుడు తెరుస్తున్నారు? మీ అన్నగారు ఆ పక్క జాగా అంతా ఇచ్చేశారటగా! నిన్న ఆ గేటు ముందు నుంచే వెళ్ళాను. ఎంత పొడుగుందండీ బాబూ!"

టైలరమ్మ చేతిలో దారం ఉండ ఉంది. దాన్ని పెట్టెలో పెట్టింది. చెప్పేయొచ్చు. మా అన్నయ్య ఇలా చేశాడండీ, మా అమ్మ ఇలా చేయించిందండీ అని చెప్తే సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. ప్లానుగారు తలెత్తుకోలేడు. కానీ ఆ వెంటే ఇంకోటి కూడా తెలుస్తుంది. తన మనుషులకు తను ఎంత చవకో, అది కూడా వీధిలో పడుతుంది. నెల రోజులు అందరి దగ్గరా అంత గొప్పగా చెప్పుకున్న నోరు మళ్ళీ తెరవాలంటే సిగ్గుతో చచ్చిపోయింది.

"ముప్ఫై గజాలండీ" అంది.

"అదృష్టవంతులమ్మా మీరు. నాకూ ఉన్నారు ఇద్దరు, నిలబడటానికి జానెడు చోటివ్వలేదు. ఉంటే అలాంటి అన్న ఉండాలి."

"ఉండాలండీ" అని టైలరమ్మ కిటికీ కొలతలు ఎంతో చెప్పమంది.